వచ్చే జనవరి 1న అత్తగార్లను అడగండి

సంపాదకులకు నమస్కారం.

జనవరి 1న మీ జిల్లా పేజీలో కొత్త సంవత్సరం నిర్ణయాలంటూ పాఠకుల మాటలు వేశారు. రోజూ నడుస్తామన్నవాళ్లు, తీపి మానేస్తామన్నవాళ్లు, సిగరెట్ ముట్టనన్న ఒకాయన. 17వ తేదీన అదే పేజీలో కొత్త అల్లుడి ఫొటో వేశారు. ఆకు చుట్టూ గిన్నెలు, గిన్నెల చుట్టూ పళ్లాలు, వాటి మధ్య భయపడ్డ కుర్రాడి మొహం. రెండింటికీ మధ్య గట్టిగా రెండు వారాలు. ఈ రెండు వారాల గురించే నాలుగు ముక్కలు రాద్దామనిపించింది.

నేను పాలకొల్లులో ల్యాబ్ టెక్నీషియన్ని. 34 ఏళ్లుగా జనం చేతుల్లోంచి రక్తం తీస్తున్నాను. మా ల్యాబుకి జనవరి ఒక తమాషా నెల. 2వ తేదీ నుంచి 5 దాకా ఫుల్ బాడీ చెకప్ అంటూ బాగానే వస్తారు. 10 దాటిందంటే ఈగలు తోలుకోవడమే. ‘పండగ వెళ్లనివ్వండి, వచ్చి చేయించుకుంటాను’ అంటారు. ముక్కనుమ వెళ్లాక మళ్లీ మొదలు. ఆ వారంలో రక్తాన్ని సెంట్రిఫ్యూజులో తిప్పి తీస్తే కొందరి ట్యూబుల్లో పండగ కంటికి కనిపిస్తుంది. మామూలుగా పైన తేరే సీరం లేత పసుపు రంగులో తేటగా ఉండాలి. వీళ్లది పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. నేతి బూరెలూ కోడికూరా ఆ ట్యూబులో తేలుతున్నట్టే. రిపోర్టు రాకముందే ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో కొవ్వు, ఎంత ఉంటాయో మాకు ఒక అంచనా వచ్చేస్తుంది.

సుగర్ సంగతి ఇంకా వేరు. పరీక్షకి ముందు మూడు రోజులు జొన్నరొట్టె తిని, రాత్రి ఎనిమిదింటికల్లా పడుకుని, పొద్దున్నే పరగడుపున వచ్చి చెయ్యి చాపుతారు. ఫాస్టింగ్ 126 లోపు వస్తే చాలు, పాసైనట్టు. ‘డాక్టరుగారు మూడు నెలల సుగర్ కూడా రాశారండీ’ అంటే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ‘ఆ మూడు నెలలది ఎందుకులెండి, ఇవాళ్టిది చాలు’ అన్న పెద్దమనుషుల్ని ఎంతమందిని చూశానో. హెచ్‌బీఏ1సీ అనే ఆ పరీక్షని మోసం చేయడం కష్టం. మన ఎర్ర రక్తకణం ఇంచుమించు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్లూ దానికి అంటుకున్న చక్కెర లెక్కంతా అందులో ఉంటుంది. 6.5 శాతం గానీ ఆపైన గానీ వస్తే సుగర్ వ్యాధి ఉన్నట్టే. జనవరి నెలాఖరులో తీసిన రక్తంలో దీపావళి మిఠాయి కూడా కొంత ఉంటుందని నేను నవ్వుతూ చెబుతుంటాను, వాళ్లు నవ్వరు.

ఒకళ్లనని ఏం లాభం? నాకే పదకొండేళ్లుగా సుగర్. ఏటా మందుల కంపెనీవాళ్లు ఇచ్చే డైరీలో మొదటి పేజీ మీద ‘స్వీట్ మానాలి. రోజూ నలభై నిమిషాలు నడవాలి’ అని రాసుకుంటాను. మొన్న బీరువా సర్దుతుంటే పాత డైరీలు తొమ్మిది బయటపడ్డాయి. తొమ్మిదింటిలోనూ అదే వాక్యం, అదే చేతిరాత. ఏ డైరీలోనూ భోగి దాటి నా రాత లేదు. అక్కడి నుంచి మా ఆవిడ రాసిన పాల లెక్క మొదలవుతుంది.

నడక కూడా అంతే. జనవరి 1 తెల్లవారుజామున కాలువగట్టు మీద మంచులో మఫ్లర్లు కట్టుకుని పాతికమందిమి బయల్దేరతాం. దార్లో వాకిళ్ల నిండా రాత్రి అమ్మాయిలు వేసిన ‘హ్యాపీ న్యూ ఇయర్’ ముగ్గులు. అది ధనుర్మాసం కదా, తిరిగొచ్చేటప్పటికి గుళ్లో గంట మోగుతుంది. ప్రసాదం కాదనకూడదు. దొప్పలో వేడి చక్కెరపొంగలి, మీద జీడిపప్పు. నడిచి ఖర్చుపెట్టింది అక్కడే, గుడి మెట్ల మీదే, వడ్డీతో సహా జమైపోతుంది.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. ఈసారి పండక్కి మా ఇంట్లో జరిగింది మాత్రం నవ్వులాట కాదు.

మా అమ్మాయి పెళ్లి పోయిన మే నెలలో అయింది. అల్లుడిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, 31 ఏళ్లు. మొదటి సంక్రాంతి. మా ఆవిడ, ఆవిడ చెల్లెలు 8వ తేదీ నుంచే పొయ్యి దగ్గర కూర్చున్నారు. అరిసెలకి బియ్యం నానబోసి, తడిపిండి పట్టించి, కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం లెక్కన పాకం పట్టారు. గిన్నెలో నీళ్లు పెట్టుకుని పాకం చుక్క వేసి, అది వేళ్ల మధ్య ఉండ కట్టేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూడటం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమైన దృశ్యం. అప్పుడు మా అమ్మ, ఇప్పుడు వీళ్లు. ఆ తర్వాత పాకుండలు, సున్నుండలు, కజ్జికాయలు, గవ్వలు, జంతికలు. ఆత్రేయపురం నుంచి పూతరేకులు, తాపేశ్వరం నుంచి మడత కాజా తెప్పించారు. ‘అంతా బెల్లమే, పంచదార కాదు కదా’ అని మా మరదలు భరోసా. రక్తానికి ఆ తేడా పెద్దగా తెలియదమ్మా అని చెప్పాల్సినవాణ్ని నేనే. చెప్పలేదు.

పండగ రోజు మధ్యాహ్నం ఆకు ముందు కూర్చోబెట్టారు. మా ఆవిడ లెక్క ప్రకారం 41 రకాలు. 2022లో నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు పెట్టారని వార్త వచ్చింది కదా, దాని ముందు మాదేపాటి. మా బావమరిది ఫొటో తీసి మీ విలేకరికి పంపుతానన్నాడు, నేనే ఆపాను. వినయంతో కాదు, పక్కవీధివాళ్లు 60 పెట్టారని తెలిసి. అల్లుడు ‘చాలండీ అత్తయ్యగారూ’ అని మూడుసార్లు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ వేళ్ల సందులోంచే ఇంకో పూర్ణం బూరె పడింది. పడింది చాలక, బూరెకి బొటనవేలితో చిల్లు పెట్టి అందులో నిండా నెయ్యి పోసింది ఎవరనుకున్నారు? నేను. ‘తినండి బాబూ, ఈ వయసులో కాకపోతే ఎప్పుడు తింటారు’ అన్నది కూడా నేనే.

కనుమ నాడు తెల్లవారుజామున అయిదింటికి వరండాలో అడుగుల చప్పుడు. ‘మావయ్యగారూ, సుగర్ చూసే మిషన్ ఇంట్లో ఉందా?’ అన్నాడు అల్లుడు, గొంతు తగ్గించి. వేలు గుచ్చి చూస్తే 168, పరగడుపున. అప్పుడు చెప్పాడు. అక్టోబరులో ఆఫీసులో పరీక్షలు చేశారట. మూడు నెలల సుగర్ 6.9 వచ్చిందట. మా అమ్మాయికి కూడా చెప్పలేదు. ‘న్యూ ఇయర్ నుంచి గట్టిగా మొదలెడదాం అనుకున్నానండీ. పదమూడు రోజులు ఉన్నాను కూడా. టీలో పంచదార లేదు, రోజూ పదివేల అడుగులు. ఇక్కడికొచ్చాక అత్తయ్యగారు చేతిలో పెడుతుంటే ఏమనను?’

34 ఏళ్లుగా ఎంతోమందికి సుగర్ ఉందని మొదట తెలిసేది నాకే. ఆ పొద్దు మాత్రం నాకు మాట రాలేదు. అతని వేలి మీద దూది ఒత్తిపట్టుకుని అలాగే కూర్చున్నాను.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగిన పెద్ద సర్వే 2023లో బయటికొచ్చింది. దేశంలో సుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల మందికి పైనే అంది. ఆ లెక్క నేను గోడకి అంటించుకున్నాను కూడా. ఆ కోట్లలో ఒకరు మా వరండాలో లుంగీ కట్టుకుని నిలబడేదాకా అది కాగితమే.

సంపాదకులు గారూ, మీరు ఏటా నిర్ణయాలు తినేవాళ్లని అడుగుతున్నారు. మన ఇళ్లల్లో కొసరి కొసరి పెట్టేవాళ్లదే పైచేయి. వద్దంటే మొహమాటం అనుకుంటాం, గట్టిగా వద్దంటే వంట నచ్చలేదనుకుంటాం, ఇంకా గట్టిగా అంటే అలిగాడనుకుంటాం. ‘నాకు సుగర్ అండీ’ అన్నవాడికి ‘ఒక్కదానికి ఏమైపోదులెండి’ అని పెట్టడం మన మర్యాద. పూజలో పురోహితుడు చెప్పించే సంకల్పం గుర్తు చేసుకోండి. ఏ నదుల మధ్య కూర్చున్నామో, ఏ సంవత్సరమో, ఏ తిథో చెప్పి, గోత్రం, పేరు, ధర్మపత్నీ సమేతస్య, ఆపైన ‘సహకుటుంబానాం’. ఇంటిల్లిపాదినీ కలుపుకుంటేగాని బొట్టు నీళ్లు వదలం. కొత్త సంవత్సరం సంకల్పం మాత్రం ఎవరికీ తెలియకుండా డైరీలోనో ఫోనులోనో ఒక్కడే రాసుకుంటాడు. భోగి నాడు ఇంట్లోవాళ్లే దాన్ని ఓడిస్తారు, ఓడించామని కూడా తెలియదు వాళ్లకి.

అల్లుడి అనుమతి తీసుకుని ఆ పొద్దునే మా ఆవిడకి చెప్పాను. ముందు నమ్మలేదు. తర్వాత ‘ముందే చెప్పొచ్చుగా’ అని నా మీద కోప్పడింది. కాసేపు వంటింట్లోంచి గిన్నెల చప్పుడు లేదు. మధ్యాహ్నం ఆకులో నాలుగే పడ్డాయి. కనుమకి మినుము తినాలి కనుక రెండు గారెలు, నాటుకోడి కూర, ఆకుకూర పప్పు, పెరుగు. అల్లుడు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాల్సిన పని రాలేదు. పండగంతా కలిపి అతను తాపీగా, కబుర్లు చెబుతూ తిన్నది ఆ ఒక్క పూటే. విషయం తెలిసిన మా అమ్మాయి మాత్రం అతనితో సాయంత్రం దాకా మాట్లాడలేదు. అది వాళ్ల గొడవ.

పండగలు మానేయమని నేను అనడం లేదు. అరిసె లేని సంక్రాంతి నాకూ వద్దు. పాకం పట్టే చేతుల మీద నాకున్న గౌరవం మీకు చెప్పాను. ఒక్క అరిసె చేతిలో పెట్టి ‘ఎలా ఉంది’ అని అడిగితే అదీ మర్యాదే కదా, నాలుగు పెట్టి నోరు మూయించడం ఎందుకు? ఫొటోలు వేయండి, కాదనను. కానీ రకాల లెక్కతో పాటు, ఫొటో తీశాక ఆ గిన్నెలన్నీ ఎక్కడికి వెళ్లాయో మీ విలేకరిని ఒక్క మాట అడగమనండి. మా ఇంట్లో 41లో సగం పనిమనిషి ఇంటికి, పావు వంతు పెరట్లోకి వెళ్లాయి. వచ్చే జనవరి 1న కుర్రాళ్లని వదిలేసి అత్తగార్లని, అమ్మలని, నాలాంటి మామగార్లని అడగండి. ఈ ఏడాది ఎవరికి కొసరి వడ్డించడం మానేస్తారని.

వాళ్లు 18వ తేదీ ఆదివారం బయల్దేరారు. కారు డిక్కీ తీసి చూస్తే నాలుగు డబ్బాలు. ఒకటి జంతికలు, ఒకటి చెక్కలు, రెండు అరిసెలు. మా ఆవిడ వంక చూశాను. ‘వాళ్ల పక్క ఫ్లాటువాళ్లకి’ అంది. ఒక డబ్బా దింపేశాను. రెండోది దింపనివ్వలేదు.

నేను 1966లో పుట్టాను, పరాభవ నామ సంవత్సరం. అరవై ఏళ్లు తిరిగి మళ్లీ మార్చి 19న ఉగాదికి ఆ సంవత్సరమే వస్తోంది. శ్రావణంలో షష్టిపూర్తి చేస్తామని పిల్లలు ఇప్పుడే వంటవాడితో మాట్లాడుతున్నారు. తీపి రకాలు ఎన్ని ఉండాలో నన్ను అడగలేదు. ఉగాదికి అమ్మాయి, అల్లుడు మళ్లీ వస్తున్నారు. అప్పటికి మూడు నెలల పరీక్ష ఇంకోసారి చేయించుకుంటానన్నాడు. నేను కూడా అతనితో పాటు ఇస్తానని మాటిచ్చాను. పచ్చడిలో ఈసారి బెల్లం ఎంత వేయాలని మా ఆవిడ నిన్న అడిగింది.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
పాలకొల్లు

(నా పేరు వేయవద్దని మనవి. మా అల్లుడు హైదరాబాద్‌లో కూడా మీ పత్రికే తెప్పించుకుంటాడు.)