తెలుగు పేర్లు దొరకకపోతే చూడాల్సింది ఇండెక్స్‌నే

సంపాదకులకు నమస్కారం.

అద్దె తగ్గుతుందని చాలా సంస్థలు పోస్ట్‌గ్రెస్ (సమాచారం దాచే సాఫ్ట్‌వేర్) డేటాబేస్‌లను ఇంటెల్ సర్వర్ల నుంచి ఆర్మ్ ప్రాసెసర్లకు మారుస్తున్నాయి. మార్చడం మంచిదే. కానీ డేటా ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసి మార్చవద్దని, అందులోనూ తెలుగు సమాచారం దాచుకునేవారు అసలే చేయవద్దని మనవి.

రెండూ 64 బిట్లవే, బైట్ల వరుసా ఒకటే. అందుకే కాపీ చేసిన డేటాబేస్ ఏ ఎర్రరూ లేకుండా లేస్తుంది. ప్రమాదమల్లా అదే. సీ భాషలోని ‘చార్’ విలువ ఇంటెల్‌పై మైనస్ 128 నుంచి 127 దాకా, ఆర్మ్ లైనక్స్‌పై 0 నుంచి 255 దాకా ఉంటుంది. పేరులో కొంత ముక్కతో వెతికే పీజీ-ట్రిగ్రామ్ ఇండెక్స్‌లు (పేర్లను మూడేసి అక్షరాల ముక్కలుగా ఉంచి త్వరగా వెతికిపెట్టే సూచికలు) పోస్ట్‌గ్రెస్ 17వ వెర్షన్ దాకా ఆ విలువను బట్టే వరుస కట్టుకున్నాయి. ఇంగ్లిష్ అక్షరాలు 127 దాటవు కాబట్టి తేడా కనబడదు. తెలుగు అక్షరాల ముక్కను మూడు బైట్లకు కుదించి దాస్తారు, ఆ బైట్లు 127 దాటడం మామూలే. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించి సంతోషించిన చోటే తెలుగు పేరుతో వెతికితే, ఉన్న రికార్డు లేదని వస్తుంది. 18వ వెర్షన్ ‘చార్’ ఏ రకమన్న గుర్తును డేటాబేస్‌లోనే రాసి ఉంచుతుంది.

కొత్త యంత్రంతో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మారితే ఇంకో చిక్కు. 2018లో వచ్చిన జీలిబ్‌సీ (లైనక్స్‌లోని ప్రాథమిక సీ లైబ్రరీ) 2.28 అక్షరక్రమాన్ని మార్చింది. పాత క్రమంలో కట్టిన ఇండెక్స్ అలాగే ఉంటే, యూనిక్ (విలువ మళ్లీ రాకూడదు) అన్న కాలమ్‌లోకి ఒకే విలువ రెండుసార్లు చేరవచ్చు.

కాసేపు సేవ ఆపగలిగితే డంప్ (డేటా అంతటినీ రాసిన ఫైలు) తీసి కొత్తచోట ఎక్కించడమే తేలిక. ఇండెక్స్‌లు అక్కడే కొత్తగా కడతారు. ఆపలేనివారికి లాజికల్ రెప్లికేషన్ ఉంది: పాత సర్వర్లో పబ్లికేషన్‌లో చేర్చిన టేబుళ్ల డేటా మార్పులను కొత్త సర్వర్లోని సబ్‌స్క్రిప్షన్ ఎప్పటికప్పుడు తెచ్చుకుంటుంది. ముందుగా వాడుతున్న ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ (అదనపు సదుపాయానికి) ఆర్మ్ ప్యాకేజీ ఉందో లేదో చూసుకోవాలి. ప్రైమరీ కీ (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే కాలమ్) లేని టేబుల్‌ను పబ్లికేషన్‌లో చేర్చగానే పాత సర్వర్లో దాని అప్‌డేట్‌లు, డిలీట్‌లు ఎర్రరవుతాయి. రెప్లికా ఐడెంటిటీ (మారిన వరుస ఏదో గుర్తించే ఆధారం) ముందే పెట్టాలి. సబ్‌స్క్రిప్షన్ మధ్యలో ఆగితే పాత సర్వర్లో వాల్ ఫైళ్లు (మార్పుల చిట్టా) పేరుకుని డిస్క్ నిండుతుంది, కనిపెట్టుకుని ఉండాలి. టేబుల్ నిర్మాణంలో మార్పులు, టేబుళ్లకు విడిగా దాచే లార్జ్ ఆబ్జెక్ట్‌లు వాటంతట అవి రావు. వరుస నంబర్లిచ్చే సీక్వెన్స్‌లు కూడా అంతే: రాతలు ఆపి, కొత్త సర్వర్ వెనకబాటు సున్నా అయ్యాక కొత్తచోట పెద్ద విలువకు జరపకపోతే మొదటి ఇన్సర్ట్‌లకే డూప్లికేట్ కీ ఎర్రర్ వస్తుంది.

ఆ క్షణంలోనే పాత సబ్‌స్క్రిప్షన్ తీసేసి, కొత్త సర్వర్ నుంచి పాతదానికి, డేటా మళ్లీ కాపీ చేయకుండా, ఎదురు సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. రాతలు తెరవడం ఆ తర్వాతే. అప్పుడు తేడా వచ్చినా డేటా పోకుండా వెనక్కి వెళ్లొచ్చు. ఫైళ్లు ఇప్పటికే కాపీ చేసినవారు టెక్స్ట్, ట్రిగ్రామ్ ఇండెక్స్‌లను రీఇండెక్స్ చేసి, ఒకే తెలుగు పేరును ఇండెక్స్‌తోనూ, సీక్వెన్షియల్ స్కాన్‌తోనూ (ఇండెక్స్ లేకుండా టేబుల్ అంతా చదవడం) వెతికి రెండు లెక్కలూ సరిపోల్చుకోవాలి.

– ఒక డేటాబేస్ నిర్వాహకుడు, హైదరాబాద్