నీ గీటురాయి కాళహస్తిలో పనిచేయలేదు

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరం అంది మూడు వారాలు దాటింది. జవాబు ఆలస్యం కావడానికి బద్ధకం కొంత కారణమే గానీ, అసలు కారణం అందులో నువ్వు రాసిన ఒక వాక్యం. చేయబోయేది ఎలా ఉంటుందో ముందుగానే తెలిసి చేసేది చేతిపని అనీ, చేస్తూ ఉండగా గానీ తెలియరానిది కళ అనీ నువ్వు తేల్చేశావు. ఆ మాట నాకు ఎంతగా నచ్చిందంటే, దానినే గీటురాయిగా పట్టుకొని పోయిన వారం శ్రీకాళహస్తికి వెళ్లి, ఒక కలంకారీ చిత్రకారుని ఇంట్లో రెండు రోజులు కూర్చున్నాను.

అక్కడ మొదట కనిపించేదంతా నీ లెక్క ప్రకారం చేతిపనే. నూలు బట్టను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు, కరక్కాయలోని వగరు దానిని పట్టి ఉంచుతుంది. ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు పులియబెట్టి, గీతలు గీసేందుకు కసిం అనే ద్రవం తయారుచేస్తారు. కుండలో ఉన్నప్పుడు అది అంత నల్లగా ఏమీ ఉండదు. కరక్కాయ పట్టిన బట్టను తాకినప్పుడే ఇనుమూ వగరూ కలిసి నల్లని గీత అవుతుంది. వెదురు పుల్ల కొనను సన్నగా చెక్కి, కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. ఆ గుడ్డను వేళ్లతో నొక్కుతూ, గీతకు ఎంత కావాలో అంతే వదులుతారు. ముందు గీసుకునే చింతబొగ్గు గీతను దులిపేయవచ్చు గానీ, కసిం గీతను దులపలేము.

ఎరుపు సంగతి మరీ విచిత్రం. ఎర్రగా కనిపించవలసిన చోట వారు పూసేది పటిక నీళ్లు. తరవాత బట్టను పారే నీటిలో జాడించి, ఎర్రరంగునిచ్చే చిరువేరో మంజిష్ఠో వేసి ఉడికిస్తే, పటిక పడ్డ చోటనే ఎరుపు పట్టుకుంటుంది. కాన్వాసు మీద వేసే నీవంటివాడు రంగు పూసిన క్షణంలోనే దానిని చూసుకుంటాడు; వీరు రేపు రాబోయే రంగును మనసులో ఉంచుకొని ఇవాళ నీళ్లు పూస్తారు. ఏం రాబోతున్నదో ముందే తెలియకపోతే ఇక్కడ ఒక్క అడుగూ పడదు. కనుక ఇది నూటికి నూరుపాళ్లూ చేతిపనే కావాలని అనుకుంటూ మొదటి రోజు గడిపాను.

రెండవ రోజు ఆయనా, ఆయన దగ్గర నేర్చుకుంటున్న కుర్రవాడూ ఒకే ఘట్టాన్ని వేరు వేరు బట్టల మీద గీస్తున్నారు. అశోకవనంలో రావణుడికీ తనకూ నడుమ గడ్డిపోచ పెట్టి సీత మాట్లాడే ఘట్టమది. కథ వాల్మీకిది, భంగిమలూ, నగలూ, అంచులోని లతలూ పాత పద్ధతివే. ఇద్దరి కసిం ఒకే కుండలోది. నిజం చెప్పాలంటే కుర్రవాడి గీతే సన్నగా, తొణక్కుండా ఉంది. అయితే అతని సీత రావణుణ్ణి చూస్తోంది. పెద్దాయన తన సీతకు చింతబొగ్గుతో పెట్టిన కనుపాపను రెండుసార్లు దులిపి, మూడోసారి కొద్దిగా కిందికి దింపి, అప్పుడు కసిం పెట్టారు. ఆమె గడ్డిపోచను చూస్తోంది. ఆవగింజంత చుక్క జరిగేసరికి, ఎదురుగా ఉన్న పది తలల రావణుడు ఆ బట్టలో ఎవరికీ పట్టనివాడైపోయాడు.

కాబట్టి తేడా లేదని నేను అనను. అది నువ్వు చెప్పిన చోట లేదంటాను. ఆయన కొత్తగా కనిపెట్టినది ఏదీ లేదు. గడ్డిపోచ ఎందుకు పెట్టిందో ఆయన ఆలోచించారు, కుర్రవాడు ఇంకా ఆలోచించలేదు. రెండుసార్లు దులిపారంటే ముందు తెలియకనే కదా అని నువ్వు పట్టుకుంటావని నాకు తెలుసు. ఆ ఒక్క చుక్క వరకు నీ సూత్రాన్ని ఒప్పుకుంటాను. కానీ ఆ చూపు ఏటి నీటికీ, ఉడుకు నీటికీ ఆగి నిలిచేది కరక్కాయ వల్లనే కదా!

మన పూర్వులు ఈ గొడవ పెట్టుకున్నట్టు లేదు. అరవై నాలుగు కళలలో సంగీతంతో పాటు వడ్రంగమూ ఉంది. కలంకారీలోని ‘కారీ’ అంటే పారసీకంలో పని అనే అర్థం. మన కాలంలో గోడ కట్టినవి కార్యాలయాలు. అఖిల భారత హస్తకళల మండలి 1952లో, లలిత కళా అకాడమీ 1954లో వచ్చాయి. 2020లో ఆ మండలిని రద్దు చేసేదాకా, సీత బట్ట మీద ఉంటే మొదటి గుమ్మానికీ, నీ కాన్వాసు మీద ఉంటే రెండో గుమ్మానికీ వెళ్లవలసి వచ్చేది. కాళహస్తి కలంకారీకి గాను జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చిన తరవాత కూడా, ఇటువంటి బట్టను చూసి మీటరు ఎంత అని అడిగినవారిని నేను స్వయంగా చూశాను. పెడనలో చెక్క అచ్చులతో అద్దేవారి సంగతి ఈసారి ఎత్తను. ఆ పువ్వు అచ్చు చెక్కినవాడిదా, అద్దినవాడిదా అని మొదలుపెడితే ఇంకో ఉత్తరం అవుతుంది.

ఆ రెండు బట్టలకూ ఇంకా ఎరుపు ఎక్కలేదు. రెండూ నేనే కొంటానని చెప్పి వచ్చాను. సంక్రాంతికి నువ్వు వచ్చేసరికి మా ముందు గదిలో పక్కపక్కన వేలాడుతూ ఉంటాయి. అప్పుడు వాటి ముందు కూర్చొని తీరికగా పోట్లాడుకుందాం.

నీ మిత్రుడు