తెల్ల చిన్న ట్రక్కు పెద్దాయనకు

పెద్దాయనా, కంగారులో మీ పేరు అడగలేదు, మీకు తెలుగు రాదని కూడా తెలుసు, అయినా ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే మనసు ఊరుకోవడం లేదు.

జపాన్‌లోని నీగాత కొండల్లో, తోకామాచి ఊరి దగ్గర, మాకిది మొదటి చలికాలం. సైబీరియా గాలి జపాన్ సముద్రం మీద తేమ పీల్చుకుని ఈ కొండలకు తగలగానే మంచు కుమ్మరిస్తుందని చదివాను గానీ, అది రాత్రికి రాత్రే మోకాళ్లు దాటిపోతుందని గుంటూరు ఎండలో పెరిగినవాడికి ఏం తెలుస్తుంది! ఆ రోజు ఇంట్లో హీటరుకి కిరసనాయిలు అయిపోతే 18 లీటర్ల ఎర్ర డబ్బా కార్లో వేసుకుని బయల్దేరి, మంచు కప్పేసిన రోడ్డు పక్క కాలువలోకి ముందు చక్రం దించేశాను.

మీరు ఆగారు. ఒక్క మాట లేదు, పార తీసి టైరు చుట్టూ తవ్వారు, తాడు కట్టి లాగేశారు. డబ్బులివ్వబోతే ముఖం ముందు చెయ్యి అడ్డంగా ఊపారు.

వెళ్లేముందు నా కారు వైపర్లు రెండూ పైకెత్తి నిలబెట్టి, తల కింద చేతులు పెట్టి నిద్రపోతున్నట్టు సైగ చేశారు. రాత్రిళ్లు అలా ఉంచితే అద్దానికి గడ్డకట్టి అతుక్కోవన్నమాట. (అప్పటికే ఒక రబ్బరు చింపుకున్నాను లెండి.)

చాలా చాలా థాంక్స్ అండీ. పెట్రోల్ బంకుకి వెళ్లినప్పుడల్లా మీకోసం చూస్తున్నాను, కానీ ఈ ఊళ్లో అందరివీ తెల్ల ట్రక్కులే! మా ఆవిడ చేసిన సున్నుండల డబ్బా మాత్రం కార్లోనే ఉంది.