పెళ్లి కాని తల్లిదండ్రులకు నోటరీ కాగితం చాలదు

సంపాదకులకు,
నమస్కారం.

పెళ్లి చేసుకోకుండా కలిసి ఉండి, బిడ్డను కని, తర్వాత విడివిడిగా బతుకుతున్న జంటలు మన గుంటూరులోనూ ఉన్నాయి. వాళ్ల జీవితం మీద ఎవరి అభిప్రాయం వాళ్లకు ఉండవచ్చు. కానీ పుట్టిన బిడ్డకు అమ్మా కావాలి, నాన్నా కావాలి. బిడ్డను ఇద్దరం కలిసి పెంచుకుంటామని వాళ్లు ముందుకు వస్తే, ఏ గడప తొక్కాలో, ఏ కాగితం పెట్టాలో చెప్పే నాథుడు లేడు.

మా వీధిలో అద్దెకుండే ఒక అమ్మాయి మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తుంది. ఆమెకు ఏడేళ్ల కొడుకు. తండ్రి మంగళగిరిలో ఉంటాడు. కులాలు వేరు కావడంతో పెద్దలు అడ్డుపడ్డారు, పెళ్లి జరగలేదు, చివరికి ఇద్దరూ విడిపోయారు. అయినా పిల్లవాడి విషయంలో వాళ్ల మధ్య పేచీ లేదు. బడి రోజుల్లో తల్లి దగ్గర, శనివారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా తండ్రి దగ్గర, ఫీజు చెరి సగం అని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించుకున్నారు. ఆ కాగితం నేను చూశాను. గుండ్రటి నోటరీ ముద్ర, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు, పైన మూలన పిల్లవాడి ఫోటో. అన్నీ పక్కాగా ఉన్నాయనే ధీమాతో బీరువాలో దాచుకున్నారు. ఒక ఆదివారం తండ్రి దగ్గర ఆడుకుంటూ పిల్లవాడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్‌కు తండ్రి సంతకం పెట్టబోతే, ఈ కాగితంతో కుదరదు, తల్లి రావాలన్నారు. ఆమె ఆ రోజు హైదరాబాద్‌లో ఉంది. ఆమె వచ్చేసరికి రాత్రయింది. అంతసేపూ పిల్లవాడు కట్టు కట్టిన చేత్తో, ఏడ్చి ఏడ్చి, తండ్రి ఒడిలోనే పడుకున్నాడు. ఆసుపత్రివాళ్లను నేను తప్పుపట్టడం లేదు. చట్టం ఉన్నదే అలా.

1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం, పెళ్లి కాని తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లి. ఆమె తర్వాతే తండ్రి. జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు ఉంటే ఆయనే తండ్రి అనడానికి సాక్ష్యంగా పనికొస్తుంది. అంతమాత్రాన సంరక్షకుడి హక్కు రాదు. నోటరీ ఒప్పందం కూడా అంతే. ఇద్దరి ఉద్దేశం ఏమిటో అది చెబుతుంది, కోర్టును మాత్రం కట్టిపడేయలేదు. బిడ్డ సంక్షేమం ఎక్కడుందో తేల్చే అధికారం కోర్టుదే.

మరి దారి లేదా? ఉంది. అన్ని మతాలవారికీ వర్తించే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేయాలి. బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తుంటే ఆ ఊరి కోర్టుకే వెళ్లాలి. బిడ్డ గుంటూరులో ఉంటే తండ్రి మంగళగిరిలో ఉన్నా, మద్రాసులో ఉన్నా కేసు గుంటూరులోనే. ఒకరు పిటిషన్ వేస్తే రెండోవారు వ్యతిరేకించకుండా, ఇద్దరూ కుదుర్చుకున్న షరతులు రాసి, సంతకాలు చేసి కోర్టు ముందు పెట్టవచ్చు. అవి బిడ్డకు మేలు చేస్తాయని జడ్జికి నమ్మకం కుదిరితే ఆ మేరకు ఉత్తర్వు ఇస్తారు. ఊహ తెలిసిన బిడ్డ అయితే బిడ్డ ఇష్టాన్నీ కనుక్కుంటారు. పరిస్థితులు మారితే ఉత్తర్వును మార్చమని మళ్లీ అడగవచ్చు.

ఆ షరతులు రాసేటప్పుడే జాగ్రత్త పడాలి. ఎవరి దగ్గర ఎన్ని రోజులు అన్నది రాసి ఊరుకుంటే సరిపోదు. సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు ఎవరి దగ్గర? జబ్బు చేస్తే, ఆపరేషన్ అవసరమైతే సంతకం ఎవరిది? బడి మార్చాలన్నా, ఊరు మారాలన్నా రెండోవారికి ఎంత ముందు చెప్పాలి? ముఖ్యంగా, కస్టడీ వేరు, గార్డియన్‌షిప్ వేరు. బిడ్డ దగ్గర ఉండడం ఒకటి, బిడ్డ తరఫున సంతకం పెట్టే అధికారం ఇంకొకటి. తండ్రికి రెండోది కూడా కావాలంటే పిటిషన్‌లో విడిగా, స్పష్టంగా అడగాలి. మా వీధి పిల్లవాడి విషయంలో దెబ్బతిన్నది ఇక్కడే.

బిడ్డ పోషణకు డబ్బు అవసరమైనప్పుడు చట్టం ఇంత తటపటాయించదు. పెళ్లి అయిందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా, తండ్రి భరణం ఇవ్వాల్సిందే. పాత నేర ప్రక్రియ స్మృతి 125వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 144వ సెక్షన్ రెండూ ఆ మాటే చెబుతున్నాయి. అది న్యాయమే, దాన్ని సడలించమని ఎవరూ అడగకూడదు. అయితే ఖర్చు దగ్గర తండ్రిని గుర్తుపట్టిన చట్టం, పెంపకం దగ్గర ఆయన్ను తల్లి తర్వాతి వరుసలో ఎందుకు నిలబెడుతోంది? తల్లే స్వయంగా కావాలంటున్నప్పుడు కూడా ఆ దూరం ఎందుకు?

ఒంటరి తల్లుల విషయంలో సుప్రీంకోర్టు 2015 జూలైలో మంచి తీర్పు ఇచ్చింది. పెళ్లి కాని తల్లి సంరక్షకత్వం కోరితే తండ్రికి నోటీసు తప్పనిసరి కాదని, ఆమె ఇచ్చే అఫిడవిట్‌తోనే బిడ్డకు జనన ధ్రువపత్రం ఇవ్వాలని చెప్పింది. బాధ్యత వదిలేసి పోయిన మగవాడి కోసం తల్లి ఎదురుచూడనక్కర్లేదు. నేను ఆ తీర్పును మనసారా సమర్థిస్తాను. కొట్టేవాడికి, బెదిరించేవాడికి ఉమ్మడి కస్టడీ పేరుతో మళ్లీ ఇంట్లోకి దారి ఇవ్వకూడదని కూడా అంటాను. గృహ హింస చట్టం కింద మేజిస్ట్రేటు బిడ్డ కస్టడీని తాత్కాలికంగా తల్లికి అప్పగించవచ్చు, అలాంటి చోట ఆ దారే సరైనది. నా మొర ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్న జంటల గురించి మాత్రమే.

అదే 2015 మే నెలలో లా కమిషన్ తన 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీని చట్టంలో చేర్చాలని సిఫార్సు చేసింది. ఏళ్లు గడిచినా ఆ సవరణ రాలేదు. మైనర్లకు సంబంధించిన విషయాలు రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉన్నాయి కాబట్టి పార్లమెంటు కదలకపోతే మన శాసనసభ అయినా కదలవచ్చు. కూతవేటు దూరంలో అమరావతిలో కూర్చునే మన ఎమ్మెల్యేలు ఈ మాట ఒక్కసారైనా సభలో ఎత్తాలి.

ఆ సవరణ వచ్చేదాకా చేయగలిగినవీ ఉన్నాయి. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకుంటే వకీలును ఇస్తారు, 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. ఈ సంగతి తెలియకనే జనం నోటరీ బల్లల దగ్గర డబ్బు పోస్తున్నారు. న్యాయ సేవాధికార సంస్థ ఇలాంటి పిటిషన్ నమూనాను తేలిక తెలుగులో అచ్చు వేయించి ప్రసూతి వార్డుల్లో, జనన నమోదు కౌంటర్ల దగ్గర, అంగన్‌వాడీల్లో ఉంచాలి. నోటరీలు కూడా ఇలాంటి ఒప్పందం మీద ముద్ర వేసే ముందు, ఇది కోర్టు ఉత్తర్వు కాదని, ఫ్యామిలీ కోర్టుకు వెళ్లాలని వచ్చినవాళ్లకు నోరు విప్పి చెప్పాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
బ్రాడీపేట, గుంటూరు