మా రిజిస్టర్లలోంచి ప్రశ్నలు వేసే అవకాశం మాకే ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

చర్ల మండలంలో ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ దళాల ఉద్యమం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని అడవి దాటి వచ్చిన కుటుంబాల గూడేలు నా పరిధిలో ఉన్నాయి. మలేరియా పరీక్షకు వేలు గుచ్చబోతే ఒక తల్లి బిడ్డను వెనక్కి లాక్కుని, “పేరు రాస్తావా?” అని అడిగింది. కాగితం మీద పేరుంటే ప్రమాదమని ఆమె అనుభవం. ఆ రోజు నుంచి ముందు ఎందుకు రాస్తున్నానో చెప్పి, సరేనంటేనే రాస్తున్నాను.

పోడు కాపలాకు వెళ్లి మంచెల మీద పడుకునే పిల్లలకే జ్వరాలు ఎక్కువని నాకు అనిపించి, రిజిస్టరు చివరి పేజీలో గీతలు గీసి లెక్కపెట్టాను. కానీ మంచె మీద పడుకున్నా జ్వరం రాని పిల్లలెందరో రాసుకోలేదు. అది లేకుండా నా లెక్క దేనికీ పనికిరాదని చాలా ఆలస్యంగా తెలిసింది. ఎవరైనా ముందే నేర్పి ఉంటే!

ఆరోగ్య సిబ్బందికి తమ లెక్కల నుంచే పరిశోధన చేయడం నేర్పే శిక్షణను 2009లో ది యూనియన్ (క్షయ, ఊపిరితిత్తుల వ్యాధులపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ), ఎంఎస్‌ఎఫ్ (సరిహద్దులు లేని వైద్యుల సంస్థ) మొదలుపెట్టాయి. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సార్ట్ ఇట్ పేరుతో అనేక దేశాలకు తీసుకెళ్లింది. అక్కడ సిబ్బంది తమ విధుల్లో పోగైన వివరాల నుంచే ప్రశ్న ఎంచుకుని, విశ్లేషించి, పరిశోధన పత్రం రాసి పత్రికకు పంపేదాకా శిక్షకులు వెంట ఉంటారు. ఇదే ఎంఎస్‌ఎఫ్ మా సరిహద్దు గూడేల్లో సంచార వైద్యం కూడా చేసింది.

అలాంటి శిక్షణ భద్రాచలంలో, తెలుగులో, ఏఎన్‌ఎంలకూ ఆశాలకూ పెట్టండి. కోయ భాష తెలిసిన ఆశాలను ముందు వరుసలో కూర్చోబెట్టండి.

– ఒక ఏఎన్‌ఎం, చర్ల మండలం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా