రిపోర్టు అందింది సరే, ఎవరికి?

సంపాదకులకు,

నర్సింగ్‌హోమ్‌లో ఉంటున్న వృద్ధురాలి రక్తపరీక్ష ఫలితం డాక్టరుకు తెలియకుండా ఫైలులోనే ఉండిపోయిందని గత వారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. రిపోర్టు సకాలంలోనే అందిందన్న నిర్వాహకుల వివరణ అంతకంటే బాధ కలిగించింది. అది అందింది నర్సుల గదిలోని ప్రింటరుకు. మందు మార్చగలిగిన డాక్టరు చెవిన మాత్రం పడలేదు.

ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన నాకు ఈ జాప్యం ఖరీదు తెలుసు. రక్తంలో పొటాషియం సాధారణంగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ వరకు ఉంటుంది, అది 6.5 దాటితే గుండె లయ ఎప్పుడైనా తప్పవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడేవారిలో ఎక్కువమందికి ఐఎన్‌ఆర్‌ను, అంటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకెను, 2, 3 మధ్య ఉంచుతారు. వారికి మూత్రంలో ఇన్ఫెక్షన్‌కని కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే కొద్ది రోజుల్లోనే ఐఎన్‌ఆర్ పెరిగిపోయి రక్తస్రావం కావచ్చు. ప్రాణాపాయాన్ని సూచించే ఫలితాలను వెంటనే డాక్టరుకు తెలపాలని అమెరికా పాథాలజిస్టు జార్జ్ లండ్‌బర్గ్ 1972లోనే రాశారు. వైద్య ల్యాబ్‌లకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15189 కూడా అదే కోరుతుంది.

పెద్దాసుపత్రిలో డాక్టరు అదే భవనంలో ఉంటారు. నర్సింగ్‌హోమ్‌కు తరచుగా ల్యాబూ బయటిదే, డాక్టరూ బయటివారే. పగలు తీసిన రక్తం ఫలితం రాత్రి డ్యూటీ నర్సుకు వస్తుంది, ఆ పరీక్ష ఎందుకు రాశారో ఆమెకు తెలియదు, ఫోన్ ఎత్తే డాక్టరు ఆ రోగిని ఎన్నడూ చూసి ఉండరు. అలాంటప్పుడు అంకె ఒక్కటే చదివి వినిపిస్తే ఏం లాభం? మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ 1.8 అన్నది ఏడాదిగా అంతే ఉన్నవారి విషయంలో ఒక మాట, పోయిన వారం 0.9 ఉన్నవారి విషయంలో పూర్తిగా వేరే మాట. పాత ఫలితం, వాడుతున్న మందులు, రోగి ఇప్పుడెలా ఉన్నారన్న సంగతి కూడా చెప్పాలి. నమూనాలో రక్తకణాలు పగిలితే పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ల్యాబ్ ఆ సంగతి రాసి ఉంటే అదీ చెప్పాలి.

అలాగని రిపోర్టులో తేడా ఉందని చుక్క గుర్తు పడిన ప్రతి అంకెకూ అర్ధరాత్రి ఫోన్ చేయమనడం లేదు. ఏ లక్షణాలూ లేని వృద్ధుల మూత్రంలో బ్యాక్టీరియా కనిపించడం మామూలే, దానికి చాలావరకు యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఏది తక్షణం చెప్పాలో, ఏది మర్నాటి దాకా ఆగవచ్చో డాక్టర్లు, ల్యాబ్, నర్సింగ్‌హోమ్ ముందే కూర్చుని రాసుకోవాలి. మొదటి డాక్టరు పలకకపోతే తరువాత ఎవరికి చేయాలన్నదీ అందులోనే ఉండాలి. విన్నవారు అంకెను తిరిగి చెప్పాలి, ఆ వేళను నర్సు రాసుకోవాలి.

తనిఖీకి వచ్చే అధికారులు ఇవేవీ అడగరు. రిపోర్టు ఫైలులో అతికించి ఉందా, కింద సంతకం ఉందా అని చూసుకుని వెళ్లిపోతారు. ఆ సంతకం ఎప్పుడు పడిందో పట్టించుకోరు. ప్రాణం మీదికి వచ్చాక రాత్రి డ్యూటీ నర్సును సస్పెండ్ చేసి చేతులు దులుపుకుంటారు. ఇన్నేళ్లుగా ఇదే తంతు చూసి చూసి విసుగెత్తిపోయింది.

ఈ ఘటనపై విచారణ జరుగుతోందని మీరు రాశారు. ల్యాబ్‌లో ఫలితం తేలిన వేళ, అది డాక్టరుకు తెలిసిన వేళ రెండింటినీ ఆ నివేదికలో వెల్లడించాలి. అవి లేకుండా నివేదిక ఇస్తే, దయచేసి మీ పత్రికే ఆ ప్రశ్న అడగాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు