ఎర్రనీళ్ళు తేర్చే పని: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, మన లంకలో మంచినీళ్ళ ప్యాకెట్ల పడవ కోసం గట్టు మీద ఎదురుచూసిన రోజులు ఎవరం మరిచిపోలేదు. అప్పటినుంచి అనుకుంటున్న పని ఈ ఏడు చేశాం. వరద నీళ్ళను గాజు సీసాల్లో పోసి పటికతో, మునగ గింజతో, చిల్లగింజతో పక్కపక్కనే తేర్చి చూశాం.

బురద రేణువులన్నిటికీ ఒకే రకం విద్యుదావేశం, అంటే ఋణావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అడుక్కి దిగవు. పటికలోని అల్యూమినియం, మునగ పప్పులోని ప్రొటీన్ ధనావేశంతో వాటిని దగ్గరకు చేరుస్తాయి. ముద్దకట్టి బరువెక్కాక దిగుతాయి. చిల్లగింజను సానమీద అరగదీసి కుండలో కలపడం మన పెద్దలు ఎరిగిన పనే. అయితే ఇప్పుడు ఆ గింజ దొరకడమే కష్టం. మాకు దొరికినవి ఒక్క పరీక్షకే సరిపోయాయి, వాటి మీద తీర్పు చెప్పలేం.

పటికే ముందు తేర్చింది. కానీ అది నీటిలోని క్షారగుణాన్ని తినేస్తుంది. కంటి అంచనాతో పటికను ఎక్కువసేపు తిప్పిన బిందెలో నీళ్ళు వగరెక్కాయి. తాగునీటిలో అల్యూమినియం లీటరుకు 0.03 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దారి లేనప్పుడు 0.2 వరకు సరేనని భారతీయ ప్రమాణం చెబుతోంది. పటిక చెడ్డదని కాదు, కొలత లేకుండా వెయ్యడమే తప్పు.

మునగకు రెండు గంటలు పట్టింది. రుచి మారలేదు. చెట్టునే ఎండిన కాయల గింజలు పొట్టు తీసి దంచి, 20 లీటర్ల బిందెకు సుమారు 2 గ్రాముల పొడిని కొద్ది నీళ్ళలో కలిపి, గుడ్డలో వడగట్టి పోశాం. రెండు నిమిషాలు గట్టిగా, పావుగంట మెల్లగా తిప్పాం. చిక్కటి ఎర్రనీళ్ళకు బాగా పనిచేసింది, కొద్దిపాటి కలక ఉన్న కుళాయి నీళ్ళకు మాత్రం పనిచేయలేదు. ఇంకొకటి, గింజలోని సేంద్రియ పదార్థం నీళ్ళలో మిగిలిపోతుంది కాబట్టి రెండో రోజుకు వాసన పట్టింది. ఏ రోజువి ఆ రోజే వాడుకోవాలి.

కమిటీ అభిప్రాయం: ఊరి ట్యాంకుకు కొలిచి వేసిన పటికే మేలు. వరదలో కరెంటు, రాకపోకలు లేనప్పుడు ఇంటి బిందెకు మునగ గింజ అక్కరకొస్తుంది. తేరిన నీళ్ళు అద్దంలా కనిపించినా క్రిములు పూర్తిగా పోవు. మరిగించకుండా, లేదా క్లోరిన్ కలపకుండా పిల్లలకు పట్టవద్దని తల్లులను చేతులు జోడించి వేడుకుంటున్నాం.

మిగతా పనులు, గట్టు మీద మొక్కలు, బోరింగు మరమ్మతు, అనుకున్నట్టే జరిగాయి. లెక్కల పుస్తకం సమావేశంలో అందరూ చూడవచ్చు.

పెరట్లో మునగ ఉన్నవారు ఈసారి కాయలన్నీ కూరకే కోయకుండా నాలుగైదు కొమ్మల కాయలు చెట్టునే ఎండనివ్వండి. జూన్ నెలాఖరులోపు గింజలు మాకు చేరితే, వరదకు ముందే ఇంటింటికీ పొట్లాలు కట్టి ఇస్తాం.

— కార్యదర్శి